చిలక బొమ్మ నుంచి నోటి దాకా: మూసిన గదిలో వస్తువుల వల్ల సోకే ముప్పును మనమే లెక్కగట్టడం

2020లో మా ఇంట్లో పాల ప్యాకెట్లు సబ్బు నీళ్లలో కడిగి, తుడిచి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. కూరగాయలు ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో నానేవి. పేపరు మానేశాం. అదే ఏడాది చివర్లో బంధువులింట్లో ఒక నిశ్చితార్థానికి వెళ్లి, కిటికీలు మూసి ఏసీ వేసిన హాల్లో మూడు గంటలు కూర్చున్నాం. వారం తిరక్కుండా మాలో ఆరుగురం మంచం పట్టాం. పాల ప్యాకెట్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ కిటికీ మీద పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఆ అనుభవం తర్వాత నాకు పట్టుకున్న పని ఇది: ఒక గదిలో ఒక వస్తువును ముట్టుకుంటే జబ్బు సోకే అవకాశం ఎంతో అంకెల్లో వేసి చూడటం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, గడియారం, ఫోన్లోనో కంప్యూటర్లోనో ఎక్సెల్ లాంటి షీటు చాలు. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లు ఎవరైనా చేయొచ్చు. అంగన్‌వాడీ టీచర్లు, క్లినిక్ నడిపే డాక్టర్లు, హాస్టల్ వార్డెన్లు తప్పకుండా చేయాలని నా కోరిక. భయం ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో అంకెలు వేస్తేనే తెలుస్తుంది.

ఈ పద్ధతికి సూక్ష్మజీవుల ముప్పును పరిమాణంలో అంచనా వేయడం అని పేరు. తాగునీటి భద్రత కోసం పెరిగిన శాస్త్రం ఇది. నాలుగు పనులుంటాయి: ఏ క్రిమి అని తేల్చుకోవడం, అది మన ఒంట్లోకి ఎంత చేరుతుందో లెక్కవేయడం, అంత చేరితే సోకే అవకాశం ఎంతో చూడటం, చివరికి అన్నీ కలిపి ముప్పును చెప్పడం. వీటిలో కష్టమంతా రెండో పనిలోనే ఉంది.

ముందు ప్రశ్నను ఇరుకు చేయండి

"ఆస్పత్రిలో వస్తువులు ముట్టుకుంటే ప్రమాదమా?" అన్న ప్రశ్నకు లెక్క లేదు. ఏ జబ్బు, ఏ గది, ఏ వస్తువు, ఎవరు, ఎంతసేపు అనే ఐదూ చెప్పాలి. నేను తీసుకున్న ప్రశ్న ఇది: పిల్లల క్లినిక్‌లో, తలుపు మూసి ఏసీ వేసిన వెయిటింగ్ రూములో, రోటావైరస్ విరేచనాలతో వచ్చిన పిల్లవాడు ఆడుకుని వదిలేసిన ప్లాస్టిక్ బొమ్మతో, ఆరోగ్యంగా ఉన్న రెండేళ్ల పాప అరగంట ఆడుకుంటే ఆ పాపకు సోకే అవకాశం ఎంత?

రోటావైరస్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1973లో కనిపెట్టినప్పటి నుంచీ దీని మీద ప్రయోగాలు చాలా జరిగాయి కాబట్టి అంకెలు దొరుకుతాయి. పైగా ఇది నిజంగానే చేతుల ద్వారా, వస్తువుల ద్వారా పాకే జబ్బు. మన దేశంలో చలికాలంలో ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లలకు ఇది ఎంత గడ్డుదో చెప్పాలంటే, దీని టీకాను 2016లో జాతీయ కార్యక్రమంలో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వెళ్లి కూర్చుని లెక్కపెట్టండి

ఈ మెట్టు దాటేసి నేరుగా షీటు తెరిచేవాళ్లే ఎక్కువ. నేనూ మొదటిసారి అలాగే చేశాను, తర్వాత అంతా చెరిపి మళ్లీ రాయాల్సి వచ్చింది.

ట్రంకు రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందులో ఉన్న ఒక పిల్లల క్లినిక్‌లో డాక్టరుగారి అనుమతి తీసుకుని ఒక పొద్దుపూట కూర్చున్నాను. ఎవరి పేరూ రాయలేదు, ఫొటో తీయలేదు. పుస్తకంలో రెండు గళ్లు: "బొమ్మ ముట్టుకుంది", "చేయి నోట్లో పెట్టుకుంది". ముట్టుకున్న ప్రతిసారీ ఒక గీత. స్టీలు కుర్చీల వరస, మూలన ఒక ప్లాస్టిక్ బుట్ట, అందులో ముక్కు విరిగిన ఆకుపచ్చ చిలక బొమ్మ. రెండేళ్ల పాప ఒకతె ఆ చిలకను ఎత్తుకుంది. కాసేపు కుర్చీ కింద దాచింది, మళ్లీ తీసింది. ఇరవై నిమిషాల్లో వేళ్లు నాలుగుసార్లు నోట్లోకి వెళ్లాయి. వాళ్లమ్మ మందుల చీటీ చదువుకుంటూనే "నోట్లో పెట్టుకోబాక తల్లీ" అంటూ ఉంది. పాప తీసేది, మళ్లీ పెట్టేది.

నాలుగుసార్లు, ఇరవై నిమిషాల్లో అంటే గంటకు 12. ఒక్క పాపను చూసి అంకె వేయడం సరికాదు కాబట్టి పోల్చి చూశాను. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పట్టికల్లో రెండేళ్లు దాటిన పిల్లలకు ఇంటిలోపల గంటకు సగటు 13 అని ఉంది. ఏడాది నుంచి రెండేళ్లలోపు వాళ్లకైతే 20. మన గీతలు దారి తప్పలేదన్నమాట. బొమ్మను కొత్తగా పట్టుకోవడం కూడా దాదాపు గంటకు 12 సార్లే వచ్చింది.

బొమ్మ ఉపరితలం ఎంతో కూడా కొలవాలి. వంకరటింకర వస్తువుకు తేలికైన ఉపాయం: అల్యూమినియం రేకును బొమ్మకు ఒక్క పొరగా అంటించి, విప్పి, గ్రాఫ్ పేపరు మీద చదును చేసి గళ్లు లెక్కపెట్టడం. చిలకకు దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. పిల్ల వేళ్లు ఒకసారి పట్టుకుంటే ఆనే మేర 10 చదరపు సెంటీమీటర్లు అనుకున్నాను. అందులో నోట్లోకి వెళ్లే వేలికొనలు ఐదో వంతు.

గడులు గీయండి, పసుపుతో సరిచూడండి

కాగితం మీద మూడు గడులు: బొమ్మ, చేయి, నోరు. బొమ్మ నుంచి చేతికి ఒక బాణం, చేతి నుంచి నోటికి ఒక బాణం. బొమ్మ నుంచి కిందికి ఒక బాణం, అంటే వైరస్ సోకించే శక్తి పోగొట్టుకోవడం. చేతి నుంచి కూడా అలాంటిదే ఇంకొకటి. నోటికి బయటికి బాణం లేదు. అక్కడికి చేరిందంతా మోతాదు.

మనం గీసిన గడులు సరిపోయాయో లేదో ఇంట్లోనే చూడొచ్చు. ఒక బొమ్మ మీద తడి పసుపు పూయండి. పెద్దవాళ్లెవరినైనా దాన్ని పట్టుకుని, అరగంట మామూలుగా పని చేసుకోమనండి. తర్వాత పసుపు ఎక్కడెక్కడ అంటిందో చూడండి. నకిలీ నోట్లు చూసే అతినీల లైటు ఉంటే ఇంకా మంచిది, పసుపు ఆ వెలుగులో మెరుస్తుంది. మా ఇంట్లో చేసినప్పుడు కుర్చీ చేతి మీద, నీళ్ల బాటిల్ మూత మీద ఉంటుందనుకున్నాను, ఉంది. నేను అనుకోనిది ఫోను. తెర నిండా పసుపే. నేను కాగితం మీద గీసిన పటంలో ఫోనుకు గడే లేదు. దాని సంగతికి చివర్లో వస్తాను.

అంకెలు ఎక్కడి నుంచి తేవాలి

మొదట బొమ్మ మీద ఎంత వైరస్ ఉందన్నది. జబ్బు పిల్లల మలంలో గ్రాముకు వెయ్యి కోట్లకు పైగా వైరస్ కణాలుంటాయి. గ్రాములో పది లక్షల వంతు, అంటే కంటికి ఆనని మరక అంటినా అందులో 10 వేలు. వాటిలో సోకించే శక్తి ఉన్నవి కొన్నే. అందుకని 1000తో మొదలుపెట్టాను. ఇది కొలిచిన అంకె కాదు, అనుకున్న అంకె. షీటులో ఆ గడికి పసుపు రంగు వేసి పెట్టుకోండి, అనుకున్న ప్రతి అంకెకూ అలాగే చేయండి. కొలిచినవాటికి ఆకుపచ్చ. రేపు ఎవరైనా అడిగితే ఏది ఏదో చెప్పగలగాలి.

ఒక జాగ్రత్త. తలుపు పిడి మీదో లిఫ్టు బటన్ మీదో పీసీఆర్ పరీక్షలో వైరస్ దొరికిందన్న వార్తలు చూస్తుంటాం. ఆ పరీక్ష వైరస్ జన్యు పదార్థాన్ని పట్టుకుంటుంది. చచ్చినదాన్నీ పట్టుకుంటుంది. దాన్ని అలాగే లెక్కలో వేస్తే ముప్పు కొన్ని వందల రెట్లు పెరిగి కనబడొచ్చు.

ఇక బొమ్మ నుంచి చేతికి. 1988లో వచ్చిన రోటావైరస్ ప్రయోగాల్లో, స్టీలు బిళ్ల మీద వైరస్ పూసి 20 నిమిషాలు ఆరనిచ్చి వేలు ఆనిస్తే దాదాపు 16 శాతం వేలికి వచ్చింది. గంట ఆరనిచ్చాక ఆనిస్తే 2 శాతం లోపే. ఈ రెండు అంకెల మధ్య తేడాను గుర్తుంచుకోండి. తడి ఉన్నప్పుడు అంటుకునే గుణం ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువుంటే నున్నటి వస్తువుల నుంచి వేలికి బదిలీ పెరుగుతుందని వేరే ప్రయోగాల్లోనూ తేలింది. మన మైపాడు, కొత్తపట్నం వైపు ఉక్కపోత గాలికి ఇది బాగా వర్తిస్తుంది. బట్ట, కాగితం లాంటి పీల్చుకునే వాటి నుంచి బదిలీ బాగా తక్కువ. నేను 16 శాతమే వేశాను.

చేతి నుంచి నోటికి: వేలు పెదవికి ఆనితే 34 శాతం దాకా వెళ్తుందని 2002 నాటి ప్రయోగాల్లో వచ్చింది.

చేతి మీద ఎంతసేపు ఉంటుంది? పైన చెప్పిన 1988 ప్రయోగాల్లోనే 20 నిమిషాలకు 57 శాతం, గంటకు 43 శాతం, 260 నిమిషాలకు 7 శాతం మిగిలింది. దీన్నిబట్టి సగమవడానికి పట్టే కాలం, అంటే అర్ధాయువు, దాదాపు 70 నిమిషాలు. అర్ధాయువును నిమిషానికి తగ్గే రేటుగా మార్చాలంటే 0.693ను దానితో భాగించాలి: 0.693 ÷ 70 = 0.01. బొమ్మ మీద ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. అర్ధాయువు 12 గంటలు అనుకున్నాను, అంటే నిమిషానికి 0.001.

షీటు నింపడం

నిమిషానికో వరస. నాలుగు నిలువు గళ్లు: నిమిషం, బొమ్మ, చేయి, నోరు. సున్నా నిమిషం దగ్గర బొమ్మ 1000, చేయి 0, నోరు 0.

నిమిషానికి బొమ్మ నుంచి చేతికి వెళ్లే వంతు ఇలా వస్తుంది. 200లో 10 చదరపు సెంటీమీటర్లు అంటే 0.05. దాన్ని 0.16తో గుణిస్తే 0.008. గంటకు 12 సార్లంటే నిమిషానికి 0.2. మొత్తం 0.0016.

చేతి నుంచి నోటికి: 0.2 (వేలికొనల వంతు) × 0.34 × 0.2 (నిమిషానికి సార్లు) = 0.0136.

ఇక సూత్రాలు మూడే:

కొత్త బొమ్మ = పాత బొమ్మ × (1 − 0.001 − 0.0016)

కొత్త చేయి = పాత చేయి × (1 − 0.01 − 0.0136) + పాత బొమ్మ × 0.0016

కొత్త నోరు = పాత నోరు + పాత చేయి × 0.0136

ఈ అంకెలను సూత్రంలో నేరుగా రాయకండి. పైన వేరే గళ్లలో పెట్టి, సూత్రం ఆ గళ్లను పిలిచేలా చేయండి. లేకపోతే తర్వాత ఒక్క అంకె మార్చాలన్నా ముప్పై వరసలు తడుముకోవాలి.

సరిచూసుకోవడానికి: మూడో నిమిషం దగ్గర చేయి 4.68, నోరు 0.065 రావాలి. ముప్పయ్యో నిమిషానికి చేతి మీద 33, నోటికి చేరింది 7.5. ఇది తప్పితే ఎక్కడో "పాత"కు బదులు "కొత్త" పిలిచారని అర్థం. మా పిల్లలు పదిమందిలో ఆరుగురు ఈ తప్పే చేస్తారు. ఇంకో పరీక్ష కూడా పెట్టండి: బొమ్మ, చేయి, నోరు, చచ్చినవి అన్నీ కలిపితే ప్రతి వరసలోనూ 1000 రావాలి. పుట్టిందేమీ లేదు కదా.

మోతాదు నుంచి సోకే అవకాశం

7.5 వైరస్‌లు నోట్లోకి వెళ్తే జబ్బు సోకుతుందా? తప్పనిసరిగా కాదు, అలాగని కొట్టిపారేయలేం. 1980ల్లో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు తమంతట తాము ఒప్పుకుని రకరకాల మోతాదుల్లో రోటావైరస్ తాగారు. ఎవరికి సోకిందో చూసి ఆ అంకెలకు అతికే వంపును కట్టారు. దానికి బీటా-పాయిసన్ అని పేరు:

సంభావ్యత = 1 − (1 + మోతాదు ÷ 0.426)^(−0.2531)

మోతాదు 7.5 వేస్తే 0.52. అంటే 52 శాతం. మొదటిసారి ఈ అంకె చూసి సూత్రం తప్పు రాశాననుకుని మూడుసార్లు దిద్దాను. తప్పు లేదు. రోటావైరస్ తక్కువ మోతాదులోనే పట్టుకుంటుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఒకటి, ఈ సూత్రం అసలు వంపుకు సులువు రూపం మాత్రమే. కొన్ని క్రిములకు, కొన్ని మోతాదుల దగ్గర ఇది అసాధ్యమైన జవాబు ఇవ్వగలదు. అందుకని పక్కన ఇంకో గడిలో 1 − ఎక్స్‌ప్(−మోతాదు) వేసి పెట్టుకోండి (ఎక్స్‌ప్ అంటే షీటులో ఉండే EXP ఫంక్షన్). మింగిన ప్రతి వైరసూ సోకిస్తుందనుకుంటే వచ్చే గరిష్ఠం అది. మీ జవాబు దాన్ని దాటకూడదు. రెండు, ఇది సోకే అవకాశం, విరేచనాలు పట్టే అవకాశం కాదు. టీకా వేసిన పిల్లల విషయంలోనూ ఇక్కడే పొరబడతారు. మన దేశంలో తయారైన రోటావాక్ టీకా పరీక్షల్లో మొదటి ఏడాది 56 శాతం రక్షణ ఇచ్చింది, కానీ అది తీవ్రమైన విరేచనాల నుంచి. ఆ అంకెను తెచ్చి సోకే సంభావ్యతకు గుణించకూడదు. తీవ్రమైన జబ్బు కోసం వేరే వరస పెట్టి అక్కడ వాడాలి.

ఇప్పుడు అసలు ఫలితం

మోడల్ కట్టడమంతా ఈ మెట్టు కోసమే. ఒక్కో అంకె మార్చి ఏమవుతుందో చూడండి.

బొమ్మ మీది మొదటి అంకెను 1000 నుంచి 100కు తగ్గించండి. అంటే ఎవరో తడిగుడ్డతో బాగా తుడిచారు, 90 శాతం పోయింది. ముప్పు 52 నుంచి 23 శాతానికి వస్తుంది. పదో వంతుకు తగ్గిస్తే ముప్పు సగమే తగ్గింది! 10కి తెస్తే 4 శాతం. 1కి తెస్తే 0.4 శాతం. వంపు పైభాగంలో దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ అరకొర శుభ్రతకు ఫలితం తక్కువ. మురికి బాగా ఉన్న చోట పైపైన తుడిచి "తుడిచాం కదా" అనుకోవడం ఎంత మోసమో నాకు ఈ నాలుగు అంకెలు చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పలేదు.

తర్వాత, పాప గది వదిలి వెళ్లాక కూడా లెక్క కొనసాగించండి. చేతి మీద ఇంకా 33 ఉన్నాయి. చేతులు కడగకుండా ఆటో ఎక్కి ఇంటికి వెళ్లి, దారిలో బిస్కెట్ తిని, ఇంకో గంట గడిపితే నోటికి మరో 14.6 చేరుతుంది. గదిలో చేరింది 7.5. గది బయట చేరింది దానికి రెట్టింపు! మనం గదిని చూసి భయపడుతున్నాం, పాప మటుకు వైరస్‌ను గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తోంది. మొత్తం 22.1 మోతాదుకు ముప్పు 63 శాతం.

గుమ్మం దగ్గరే సబ్బుతో చేతులు కడిగి 99 శాతం పోగొడితే దాదాపు 52.5 శాతం. పెద్దగా తగ్గలేదనిపిస్తుంది. కానీ బొమ్మను కూడా శుభ్రం చేసి 10కి తెచ్చి ఉంటే? కడగకుండా వెళ్తే 10 శాతం, కడిగి వెళ్తే 4. ఒక పని చేసి ఉంటే రెండో పనికి విలువ పెరుగుతుంది. శుభ్రం చేయని చోట చేతులు కడగడం వృథా అని కాదు, రెండూ కలిస్తేనే వంపు నిటారుగా ఉన్న భాగంలోకి దిగుతాం.

ఇప్పుడు బొమ్మ మీద అర్ధాయువును 12 గంటల నుంచి 24 గంటలకు పెంచండి. ముప్పులో నూటికి ఒక వంతు కూడా తేడా రాదు. అరగంటలో జరిగే వ్యవహారానికి ఒక రోజు బతికినా మూడు రోజులు బతికినా ఒకటే. 2020లో "ప్లాస్టిక్ మీద మూడు రోజులు" అన్న మాటకు మేం ఎంత టెన్షన్ పడ్డామో! ఆ మాట అబద్ధం కాదు, ప్రయోగశాలలో 72 గంటల దాకా కొత్త కరోనా వైరస్ దొరికింది. కానీ అదే ప్రయోగంలో ప్లాస్టిక్ మీద అర్ధాయువు దాదాపు 7 గంటలు. మూడు రోజులకు మిగిలేది తొలి మొత్తంలో వెయ్యో వంతు అంతకన్నా తక్కువ. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో, వస్తువును ఒకసారి ముట్టుకుంటే కోవిడ్ సోకే అవకాశం సాధారణంగా 10 వేలలో 1 కన్నా తక్కువ అని ప్రకటించింది.

నోట్లో వేళ్లు పెట్టుకోవడం రెట్టింపైతే? మోతాదు రెట్టింపుకు కాస్త తక్కువగా, 13.4కు పెరుగుతుంది. ఆ తల్లి "పెట్టుకోబాక" అంటూ ఉండటం ఉత్త మాట కాదు, లెక్కలో కనబడే పని.

ఒక మాట. ఒకే పిల్ల పదిసార్లు క్లినిక్‌కు వస్తే 4 శాతాన్ని పదితో గుణించి 40 అనకూడదు. సోకని అవకాశం 0.96ను పదిసార్లు గుణించి 1లోంచి తీయాలి. 34 వస్తుంది.

అంకెలను కుదిపి చూడండి

ఇంతసేపూ ప్రతి అంకెనూ ఒకే విలువ అనుకున్నాం. నిజానికి ఏదీ ఖాయం కాదు. అందుకని కొత్త షీటులో వెయ్యి వరసలు పెట్టండి. ప్రతి వరసలో కంప్యూటరే అంకెలు ఎంచుకోవాలి. దానికి షీటులో రాండ్ (RAND) అనే ఫంక్షన్ ఉంది, 0కూ 1కీ మధ్య ఏదో ఒక అంకెను ఇస్తుంది. మొదటి వైరస్ సంఖ్యకు 10^(4 × రాండ్), అంటే 1 నుంచి 10 వేల దాకా. బదిలీ శాతానికి 2 + 28 × రాండ్. నోటికి చేయి వెళ్లే సార్లకు 5 + 20 × రాండ్. ప్రతి వరసలోనూ ముప్పై నిమిషాల పట్టిక వేయనక్కర్లేదు. గదిలోని అరగంటకు దగ్గరి లెక్క ఇది:

మోతాదు = మొదటి సంఖ్య × 0.0075 × (బదిలీ శాతం ÷ 16) × (సార్లు ÷ 12)

దాన్ని బీటా-పాయిసన్‌లో వేసి, వెయ్యి జవాబులనూ చిన్నది నుంచి పెద్దదానికి పేర్చండి. నడిమి విలువ 25 శాతం చుట్టుపక్కల వస్తుంది. కానీ కింది నుంచి ఐదు శాతం, పై నుంచి ఐదు శాతం వదిలేస్తే మిగిలేది 1 శాతం లోపు నుంచి 70 శాతం దాకా! ఇంత వెడల్పు చూసి చాలామంది నిరాశపడి వదిలేస్తారు. వదలొద్దు. ఏ అంకె వల్ల ఇంత వెడల్పు వచ్చిందో చూడండి. బొమ్మ మీది మొదటి సంఖ్యే. అంటే మీ దగ్గర డబ్బుంటే, ల్యాబ్ ఉంటే, ముందు కొలవాల్సింది దాన్ని. పైగా ముప్పు ఎంత అన్నది మారుతున్నా, ఏ పని వల్ల ఎక్కువ తగ్గుతుందన్న వరసక్రమం మారదు: బొమ్మను పూర్తిగా శుభ్రం చేయడం ముందు, వెళ్లేటప్పుడు చేతులు కడగడం దానికి జోడు. ఆ క్రమాన్ని చూసే నేను క్లినిక్‌కు సలహా ఇచ్చాను. 52 శాతం అన్న అంకెను గోడ మీద రాయమని చెప్పలేదు, ఎవరూ రాయకూడదు కూడా.

వేరే గది, వేరే జబ్బు అయితే

ఒంగోలు వెళ్లే ఏసీ బస్సుకు ఇదే షీటు పనికొస్తుంది. గడిలో బొమ్మకు బదులు సీటు ముందున్న కడ్డీ, పాపకు బదులు పెద్ద మనిషి. పెద్దవాళ్లు కూడా ముఖం ముట్టుకుంటూనే ఉంటారు: 2015లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశీలనలో వైద్య విద్యార్థులు గంటకు సగటున 23 సార్లు, అందులో 44 శాతం కళ్లు, ముక్కు, నోటి దగ్గర. కానీ వేలు పెదవికి ఆనడం వేరు, నోట్లో చప్పరించడం వేరు. ఆనే మేరను తగ్గించాలి. రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డు అయితే స్టీలు బల్ల ఎప్పుడూ తడిగా, చల్లగా ఉంటుంది కాబట్టి బదిలీ, నిలిచే కాలం రెండూ పెంచాలి.

జబ్బు గాలి ద్వారా పాకేదైతే మటుకు ఈ షీటు ఒక్కదాన్ని నమ్ముకోకండి. తట్టుకు, కోవిడ్‌కు, క్షయకు వెల్స్-రైలీ సూత్రం ఉంది. గదిలో జబ్బు మనుషులు, వాళ్లు వదిలే సోకే మోతాదులు, మన శ్వాస, గడిపిన కాలం గుణించి గదిలోకి వచ్చే కొత్త గాలితో భాగిస్తారు. కొత్త గాలి హారంలో ఉంటుంది. నిశ్చితార్థం హాల్లో మేం మూసిన కిటికీ ఆ హారమే.

బ్లీచింగ్ నీళ్లు ఎంత పాళ్లలో

బొమ్మ మీది వైరస్ సంఖ్యను 1000 నుంచి 1కి తేవాలంటే తడిగుడ్డ చాలదు. 0.1 శాతం క్లోరిన్ నీళ్లు కావాలి. మన కిరాణా కొట్లలో దొరికే బ్లీచింగ్ పౌడర్‌లో మంచిదైతే 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లకు 3.3 గ్రాములు. విప్పిన పొట్లం రోజురోజుకీ బలం కోల్పోతుంది, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ముందు సబ్బుతో జిడ్డు, మట్టి పోగొట్టండి, లేకపోతే క్లోరిన్ అంతా మురికికే ఖర్చవుతుంది. బొమ్మ పది నిమిషాలు తడిగా మునిగి ఉండాలి, ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. వియన్నాలో 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుళ్లు పోసే డాక్టర్ల చేతులు కడిగించింది ఈ పౌడరు కలిపిన నీళ్లతోనే. బాలింతల చావులు దారుణంగా ఉన్న వార్డులో అవి గబగబా తగ్గిపోయాయి.

క్లినిక్‌లో ఇప్పుడు రెండు బుట్టలున్నాయి. ఎర్రదాంట్లో ఆడిన బొమ్మలు, నీలందాంట్లో కడిగినవి. గుడ్డ బొమ్మలు తీసేశారు. సింకును లోపలి నుంచి గుమ్మం పక్కకు మార్చారు, పిల్లలకు అందేలా కింద ముక్కాలిపీట వేశారు. ఆయమ్మ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎర్ర బుట్టను బకెట్లో కుమ్మరిస్తుంది.

ఇక ఫోను. పాప చిలకను వదిలి వాళ్లమ్మ ఫోను అందుకుంది, వీడియో చూసింది. గుమ్మం దగ్గర చేతులు కడిగింది. ఫోనును ఎవరూ కడగలేదు. ఆటోలో మళ్లీ అదే ఫోను. షీటులో దీన్ని చేర్చాలంటే చేయి గడి పక్కన ఇంకో నిలువు గడి పెట్టి రెండు బాణాలు గీయాలి: చేతి నుంచి ఫోనుకు, ఫోను నుంచి తిరిగి చేతికి. 1988 ప్రయోగాల్లోనే చేతి నుంచి స్టీలు బిళ్లకు బదిలీ కూడా 16 శాతమే వచ్చింది కాబట్టి రెండు వైపులా అదే వేయండి. ముప్పయ్యో నిమిషం దగ్గర చేయి గడిని 0.01తో గుణించండి, ఫోను గడిని ముట్టుకోకండి. ఆ తర్వాత వరసల్లో చేయి గడి మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఎన్నో నిమిషానికి ఎంత పెరుగుతుందో చూసి, ఫోను తుడిచే వరసను ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.